అరువు నాలుక

సైగాన్‌లో మేము ముగ్గురం కూర్చుని చేసిన ఆ భోజనంలో ఎవరికి లాభం వచ్చిందో, ఎవరికి నష్టం వచ్చిందో నేను ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. సరుకు మంచిదే. వండినవాళ్ళ చేతిలో లోపం లేదు. యంత్రం చెప్పినట్టే పనిచేసింది. బేరం కూడా కళ్ళు తెరుచుకునే చేశాం. అయినా బల్ల దగ్గర్నుంచి లేచేసరికి ముగ్గురి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

మాది పలాస. నాదీ, దామోదరానిదీ, నీలాద్రిదీ ముగ్గురివీ జీడిపప్పు వ్యాపారాలే. ఒకే బడిలో చదివాం, ఒకే వీధిలో షెడ్లు వేశాం, సీజన్లో ఒకరి మీద ఒకరం ధర పెంచుకుని మర్నాడు కలిసి టీ తాగేవాళ్ళం. జీడి పిక్కలు పగలగొట్టే కొత్త యంత్రాలు చూడడానికి వియత్నాం వెళ్తున్నామని ఇళ్ళల్లో చెప్పాం. అందులో సగం నిజం. మిగతా సగం దామోదరం ముక్కు.

కొన్నేళ్ళ కిందట దామోదరం గోదాములో బస్తాల వరస మీంచి వెనక్కి పడ్డాడు. తల వెనక దెబ్బ. కుట్లు మానాయి, మనిషి లేచి తిరిగాడు, వ్యాపారం ఆగలేదు. వాసన మాత్రం పోయింది. ముక్కులోంచి మెదడుకు వెళ్ళే నరాలు సన్నటి దారాల్లాంటివనీ, ఆ కుదుపుకి తెగిపోయాయనీ విశాఖపట్నం డాక్టరు చెప్పాడు. నాలుక బాగానే ఉంది. ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి. కారం మండుతుంది. మనం రుచి అనుకునే మిగతా సరుకంతా వాసనే అన్న సంగతి వాడికి పోయాకే మాకు తెలిసింది. వాడికి మామిడిపండు ఉత్త తీపి ముద్ద. కాఫీ వేడి చేదు. చేపల పులుసు పులుపులో నానిన దూది.

అప్పట్నుంచి వాడు గడియారం చూసి తినేవాడు. పచ్చిమిరపకాయలు కొరుక్కుని కన్నీళ్ళు పెట్టుకునేవాడు. ఎందుకురా అంటే "అదొక్కటే కదరా నన్ను పలకరించేది" అనేవాడు. ఒకసారి సీజన్లో వాడి షెడ్డుకి వెళ్తే, పప్పు కాల్చే చోట నోరు తెరుచుకుని నిలబడి గట్టిగా గాలి పీల్చుకుంటున్నాడు. ఆ వాసన వీధి చివరి దాకా కొడుతోంది.

"ఏటి చేస్తన్నావురా?" అన్నాను.

"చూస్తన్నాను. వచ్చిందేమోనని."

రాలేదు. పనివాళ్ళు తల తిప్పుకున్నారు. పప్పు వ్యాపారంలో పుట్టి పెరిగినవాడు సొంత షెడ్డులో పరాయివాడిలా నిలబడ్డాడు.

సైగాన్ సంగతి పట్టుకొచ్చింది నీలాద్రి. యంత్రాల దళారీ ఎవరో వాడికి చెప్పాడట. నది ఒడ్డున ఒక హోటలు ఉంది. అక్కడ ఒకరు తింటే ఆ రుచి పక్కవాళ్ళకు కూడా తెలుస్తుంది. తినేవాడి ముక్కులో బియ్యపుగింజంత ముక్క పెడతారు. పుచ్చుకునేవాళ్ళు చెవుల వెనక పల్చటి రేకులు అంటించుకుంటారు. తినేవాడి నరాల్లో పుట్టిన కబురు ఆ గింజ పట్టుకుంటుంది, రేకులు దాన్ని అవతలి తలలోకి దించుతాయి. మొదట్లో డబ్బున్నవాళ్ళ సరదాకి పెట్టారు. మొగుడు పెళ్ళాం నాలుకతో తినడం, తాత మనవడి నాలుకతో ఐస్‌క్రీము చప్పరించడం. తర్వాత పై అంతస్తులో ఉండే లియెన్ అనే డాక్టరమ్మ, ముక్కు నరాలు చచ్చినవాళ్ళకి కూడా ఇది అందుతుందని కనిపెట్టింది. వాళ్ళకి రేకులు చాలవు. ముక్కులోంచి మెదడు దాకా సన్నటి తీగ దించాలి.

మేము వెళ్ళిన రోజు పొద్దున్నే ఆమె గదిలో కూర్చున్నాం. ఆమె తన భాషలో మాట్లాడుతుంటే బల్ల మీద పెట్టిన ఫోను తెలుగులో చెబుతోంది. ఆ తెలుగు వార్తలు చదివినట్టుంది.

"మీ స్నేహితులు ఇద్దరికీ ఈ పని సరదా," అంది మమ్మల్ని చూపించి. "మీకు ఎవరి రుచి అయినా అందుతుంది. తీసేస్తే మీది మీకు తిరిగి వస్తుంది. ఈయన సంగతి వేరు. ఈయన తలలో ఆ చోటు ఖాళీగా, చీకటిగా ఉంది. మొదట ఎవరు చెయ్యి పట్టుకుని నడిపిస్తే వారి నడకే ఈయనకు అలవాటు అవుతుంది. తర్వాత మరొకరు పట్టుకుంటే గోడలకు కొట్టుకుంటారు. కనుక మొదటివారే చివరివారు. నాలుక ఇచ్చేది ఎవరు?"

దామోదరం నా వైపు చూశాడు. ఆమె ఆ చూపు గమనించి చెయ్యెత్తి ఆపింది.

"నేను అడిగేది ఒకటే. మీ ఇద్దరిలో భోజనాన్ని ఎక్కువగా ప్రేమించేది ఎవరు?"

నీలాద్రి నవ్వుతూ చెయ్యెత్తాడు. దామోదరం ఆ చెయ్యి పట్టుకుని కిందికి లాగేశాడు.

"వీడా! వీడికి గంజి పోసినా విందే. వీడు బాగులేదన్న వంటకం ఈ భూమ్మీద లేదు. నీలాద్రి బాగుందన్నాడని ఎవడైనా సరుకు కొంటాడేటి? నాకు ఈ వైకుంఠం నాలిక కావాల. పలాసంతటికీ వీడి నాలికే."

"నిజమేనండీ," అన్నాడు నీలాద్రి ఆమెతో. "నాకు అన్నీ బాగానే ఉంటాయి. నానేటి చెయ్యను. వాడైతే వంక చెప్పందే ముద్ద దించడు."

వాళ్ళన్నది అబద్ధం కాదు. కొత్త పప్పు వచ్చినప్పుడు మా వీధిలో నలుగురూ గుప్పిట్లో మాదిరి పట్టుకుని నా దగ్గరకొచ్చేవారు. ఒక పలుకు కొరికి, "తడి ఉంది, ఇంకో ఎండ తగలాలి" అనో, "ఇందులో పాతది కలిపారు" అనో చెప్పేవాణ్ణి. ఎప్పుడూ తప్పలేదు. వైకుంఠరావు నాలుక అని పేరు పడింది. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు నేను రుచి చూసేదాకా గరిటె పట్టుకుని నిలబడేవారు. నేను చూసి, పులుపెక్కువనో పోపు చాలదనో ఏదో ఒకటి అనేవాణ్ణి. కొనేవాడి మొదటి మాట ఎప్పుడూ వంకే కదా. ఆ అలవాటు విస్తరి దాకా వచ్చింది. వంక పెట్టేవాడికి రుచి తెలుసనీ, మెచ్చుకునేవాడికి తెలియదనీ ఊళ్ళో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

"మీరు పొగాకు వాడతారా?" అని అడిగింది డాక్టరమ్మ నన్ను.

"కిళ్ళీలో కొంచెం జర్దా. అదీ భోజనం అయ్యాకే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీసం వచ్చినప్పట్నుంచి."

ఆమె పెన్ను కింద పెట్టింది. "ఇద్దరికీ పరీక్ష చేస్తాను. రెండు రోజులు పడుతుంది. తర్వాత ఎంచుకుందాం."

"పరీక్ష ఎవరికి? వైకుంఠానికా?" నీలాద్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. దామోదరం నవ్వలేదు. "ఇన్నేళ్ళు ఆగానమ్మా. ఇంక ఒక్క పూట కూడా ఆగలేను," అన్నాడు.

"పరీక్ష అక్కర్లేదండి," అన్నాను నేను.

ఇనప గొట్టం గుచ్చి మాదిరి తీయకుండా నేను జన్మలో ఒక్క బస్తా కొనలేదు. నా సొంత సరుకుని మాత్రం మూట విప్పకుండా స్నేహితుడికి అమ్మేశాను.

మధ్యాహ్నం దామోదరానికి తీగ దించారు. కొంచెం నెత్తురు వచ్చింది, అంతే. నా ముక్కులో గింజ పెట్టినప్పుడు తుమ్ము వచ్చింది. సాయంత్రం నది మీద వెలుతురు ఇంకా ఉండగానే కింద హోటల్లో బల్ల దగ్గర కూర్చున్నాం. దామోదరం స్నానం చేసి కొత్త చొక్కా వేసుకొచ్చాడు. పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు. వాడి ముందు ఉత్త కంచం పెట్టారు. మొదటి పూట పుచ్చుకునేవాడు ఏమీ తినకూడదు. డాక్టరమ్మ వాడి పక్కన నిలబడింది.

వడ్డించే అమ్మాయి చింతపండు వేసి కాచిన చేపల చారు తెచ్చింది. అందులో అనాస ముక్కలు, బెండకాయలు తేలుతున్నాయి. మట్టి మూకుడులో ఇగిరిన చేప వచ్చింది. పసుపు కలిపిన పెద్ద అట్టు వచ్చింది. ఒక బుట్ట నిండా రకరకాల ఆకులు వచ్చాయి. చూస్తే మన వంటకాలకి దూరపు చుట్టాల్లా ఉన్నాయి. నీలాద్రి అప్పుడే మొదలుపెట్టేశాడు.

నేను చారు ఒక చెంచా తాగాను.

"పులుపెక్కువైంది," అన్నాను అలవాటు కొద్దీ.

దామోదరం కళ్ళు మూసుకున్నాడు. నోరు కొంచెం తెరిచాడు. మేమిద్దరం వాడి మొహంలోకి చూస్తున్నాం.

"వచ్చిందేటిరా?" అన్నాడు నీలాద్రి.

"ఉండు. ఏదో... ఉన్నాది. ఉన్నాదిరా!" "తినరా వైకుంఠం, తిను."

చేప ముక్క తిన్నాను. వాడి కనుబొమలు ముడిపడ్డాయి. అట్టు తుంచుకుని తిన్నాను.

"ఇదేటి?"

"అట్టు."

"ఇందాకటిది?"

"చేప."

"రెండూ ఒకలాగే ఉన్నాయేటిరా? తడిసిన గోనె వాసన." వాడు కళ్ళు తెరవలేదు. "మళ్ళీ తిను. సిన్నగా."

మళ్ళీ తిన్నాను. ఆకులు నమిలాను. మిరపకాయ కొరికాను. వాడు తల అటూ ఇటూ తిప్పుతూ, చీకటి గదిలో తాళంచెవి వెతుక్కునేవాడిలా ఉన్నాడు.

"నువ్వు నమలవేటిరా? ఏదో గుమ్మం దాకా వస్తాది. అది లోపలికొచ్చేలోగా నువ్వు మింగేస్తన్నావు."

"నములుతున్నాను కదరా!"

"అన్నిటి వెనకా ఒకటే వస్తన్నాది. తెలిసిన వాసనే." కళ్ళు తెరిచాడు. "జర్దా. ఏటి తిన్నా వెనకాల కిళ్ళీ కొట్టు."

నీలాద్రి నవ్వబోయి ఊరుకున్నాడు. నేను మూకుడులో చేప అంతా తినేశాను. ఇంకో మూకుడు తెమ్మన్నాను. ఎక్కువ తింటే ఎక్కువ అందుతుందని ఆ ఘడియలో నిజంగా అనుకున్నాను. వాడు చాలన్నట్టు నా ముంజేతి మీద చెయ్యి వేశాడు.

"ఒరే వైకుంఠం. ఇన్నాళ్ళూ నువ్వు తిన్నది ఇదేనేటిరా?"

కోపంతో అడిగుంటే తట్టుకునేవాణ్ణి. ఆ గొంతులో జాలి ఉంది. ముక్కు పోయినవాడు ముక్కున్నవాడి మీద జాలిపడ్డాడు.

మా ఇద్దరికీ చేసిన జతని విప్పలేనని డాక్టరమ్మ మెల్లగా మళ్ళీ చెప్పింది. దామోదరం వినలేదు. నీలాద్రిది ఒక్కసారి పెట్టి చూడమన్నాడు. వద్దంది. బతిమాలాడు. చివరికి ఆమె గింజ తీసి శుభ్రం చేసి నీలాద్రి ముక్కులో పెట్టింది. నీలాద్రి ఒక చెంచా చారు తాగాడో లేదో, దామోదరం రెండు చేతులతో తల పట్టుకుని కుర్చీలోంచి లేచిపోయాడు. గచ్చు మీద రేకు పెట్టి ఈడ్చినట్టుందట. నీలాద్రి చెంచా వదిలేశాడు. డాక్టరమ్మ తీగ ఆపేశాక దామోదరం నది వైపు గోడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

సరదాకి పెట్టుకోమని మాకిచ్చిన చెవి రేకులు బల్ల మీద పడి ఉన్నాయి. నేనెందుకు వాటిని తీసి పెట్టుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. మన సరుకు నాసి అని తేలాక ఎదుటివాడి సరుకు ఎలాంటిదో చూడకుండా ఉండలేని బుద్ధి అనుకోండి.

"తాగరా," అన్నాను నీలాద్రితో.

వాడు భయం భయంగా ఒక చెంచా తాగాడు.

ముందు చింతపండు వచ్చింది. పులుపు కాదు, చింతపండు. ఎండలో ఆరబెట్టిన చింతపండు మీద నడిచినప్పటి గాలి. దాని వెనక అనాస వచ్చి ఒక పక్కన నిలబడింది. తర్వాత చేప. బురదా, నీళ్ళూ, నదీ కలిసిన చేప. ఇంటికొచ్చిన చుట్టాలు ఒక్కొక్కరే గుమ్మం దాటి పేరు పెట్టి పిలిచినట్టు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. నీలాద్రి మింగాడు. అయిపోయిందనుకున్నాను. అప్పుడు గొంతు వెనకనించి ఒక ఆకు వాసన పైకి లేచింది. కొత్తిమీర కాదు, కొత్తిమీరకి అక్కో చెల్లెలో. అది చాలాసేపు ఉండి వెళ్ళిపోయింది. నేను అదే చారు, అదే గిన్నెలోంచి తాగి పులుపెక్కువైందన్నాను.

నీలాద్రిని చూశాను. వాడు తల వంచుకుని నిదానంగా తింటున్నాడు. బంతిలో అందరికన్నా ఆఖర్ని లేచేది వాడే. ఎక్కువ తింటాడు కాబట్టి ఆలస్యం అనుకునేవాళ్ళం. వాడు ఎక్కువ తినడు. ఆగి తింటాడు.

రేకులు లాగి పడేశాను. నా నోరు నాకు తిరిగొచ్చింది. ఖాళీ గోదాములా ఉంది.

దామోదరం వచ్చి కూర్చున్నాడు. "ఎలగున్నాదిరా వాడిది?"

"ఏం లేదురా. నా లాగే."

"నీ మొహం చూశాన్లే." వాడు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "చెప్పు. ఏటేటి ఉన్నాయో చెప్పు. నాకెలాగూ రాదు. మాటలైనా విననీ."

వంక పెట్టడానికి నా దగ్గర వెయ్యి మాటలున్నాయి. సాదా, నాసి, పుచ్చు, ముక్కిపోయింది, తేమ, కమురు. మంచి సరుకు ఎలా ఉంటుందో చెప్పడానికి నేనెప్పుడూ మాట కొనిపెట్టుకోలేదు.

"బాగుందిరా," అన్నాను. "శానా బాగుంది."

నీలాద్రి చెయ్యి కడుక్కోకుండానే ఏడ్చాడు. "నేను చెయ్యెత్తానుగా. గట్టిగా అడగాల్సింది. నాకే నమ్మకం లేకపోయె నా మీద."

మర్నాడు యంత్రాలు చూశాం. ఏ యంత్రం ఎన్ని పిక్కలు కొడుతుందో వాళ్ళు చెబుతుంటే తలలూపాం. బయల్దేరే ముందు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది. ముక్కు లోపలి నరాలు చచ్చినా మళ్ళీ మొలిచే రకమనీ, తెగిపోకుండా మొద్దుబారినవి కొంతైనా కోలుకోవచ్చనీ చెప్పింది. జర్దా మానాలి. నమలాలి. మింగాక ఆగాలి. "మాట ఇవ్వలేను," అంది. "కానీ ఆయనకు మీరు తప్ప మరొక దారి లేదు." గింజ, రేకులు కలిపి ఇంట్లో వాడుకునే సెట్టు ఒకటి కొని తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళ వ్యాపారంలో బేరం ఆడకుండా కొన్న వస్తువు అదొక్కటే.

పలాస వచ్చాక ఒక పొద్దున షెడ్డులో యంత్రం హోరు పక్కన నిలబడి ఎవరూ చూడకుండా పప్పు కొరికాను. తడిదో పొడిదో తెలియలేదు. చప్పుడు లేని చోటుకి, షెడ్డు వెనక్కి వచ్చి కొరికాను. వెంటనే తెలిసింది. పళ్ళ కింద పలుకు విరిగే చప్పుడు నాకు లెక్క చెబుతోంది. ఇన్నేళ్ళూ నాలుకకి దక్కిన పేరు పళ్ళదీ చెవులదీ. పాత పప్పు గట్టిగా విరగదు, మెత్తగా లొంగుతుంది. అంతే కిటుకు.

జర్దా మానడం గురించి రాయను. మానినవాళ్ళకి తెలుసు, మాననివాళ్ళకి చెప్పినా అర్థం కాదు.

రోజూ మధ్యాహ్నం దామోదరం మా ఇంటికి వచ్చేవాడు. నాకెదురుగా పీట వేసుకునేవాడు. ఇద్దరికీ ఒకటే వంట. నేను ముద్ద పెట్టుకున్నప్పుడే వాడూ పెట్టుకునేవాడు. ఉప్పూ పులుపూ వాడి నాలుకది, మిగతాది నా ముక్కుది. మా ఆవిడ భ్రమరాంబ మొదట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత, "పోనీలెండి, అన్నయ్య వంకనైనా నిదానంగా తింటున్నారు," అంది. వీధిలో మాత్రం ఊరుకోలేదు.

"ఏటి వైకుంఠరావుగారూ, దామోదరంగారి ముద్ద కూడా మీరే నమిలి పెడతన్నారట?"

"పోనీ ఆయనకి అజీర్తి చేస్తే మాత్ర ఎవరు మింగాల?"

వాళ్ళని నవ్వనిచ్చాను. దామోదరం నా వల్ల పోగొట్టుకున్నదానితో పోలిస్తే అదెంత.

మొదటి నెలల్లో వాడు భోజనం కాగానే తల అడ్డంగా ఊపేవాడు. "గోనే," అనేవాడు. తర్వాత ఎప్పుడో "గోనె పల్చబడిందిరా" అన్నాడు. ఒకసారి నెయ్యి దగ్గర ఆగి, మళ్ళీ పెట్టుకోమన్నాడు. మళ్ళీ పెట్టుకున్నాను. "పోయింది," అన్నాడు. నేను ఎంత జాగ్రత్తగా తిన్నా నాకు మాత్రం తేడా కనబడలేదు. అన్నం అన్నంలాగే ఉంది. నాకు సైగాన్ చారు గుర్తొచ్చేది. తినేటప్పుడు కాదు, తినడం అయ్యాక. పరాయి దేశంలో పరాయివాడి నోట్లో ఒక్క గుక్క అందిన రుచి కోసం గొంతు వెనక ఎవరో కూర్చుని ఎదురుచూస్తున్నట్టుండేది. నీలాద్రి ఒకటి రెండుసార్లు అడిగాడు. "సెట్టు ఉన్నాది కదరా, వచ్చి కూకుంటాను, పెట్టుకో. నీకు ఎవరిదైనా అందుతాదన్నాదిగా." వద్దన్నాను. దామోదరం పెట్టుకోలేనిదాన్ని వాడి ముందు నేను పెట్టుకుని తినడం బేరం కాదు, దోపిడీ. అయినా నీలాద్రి అలా అడిగినప్పుడల్లా నా నోరు ఊరేది.

నీలాద్రి మాత్రం తన వంతు మరోలా ఇచ్చాడు. వచ్చి మా పక్కన కూర్చుని తింటూ, "ఇప్పుడు ఆవపిండి వస్తాది చూడు... వచ్చిందా? దాని తోకన పట్టుకుని బెల్లం వస్తాది," అని చెప్పేవాడు. దామోదరం ఆ మాటల వెంట వేలు పట్టుకుని నడిచేవాడు. కొన్ని దొరికేవి. చాలా దొరికేవి కావు.

శ్రావణంలో ముసురు పట్టింది. నీలాద్రి ఊళ్ళో లేడు. భ్రమరాంబ పప్పుచారు కాచింది. నేను, దామోదరం మామూలుగా కూర్చున్నాం. నేను ఒక ముద్ద నమిలి మింగాను. వాడు తన చేతిలో ముద్దని గాల్లోనే ఆపేశాడు.

"చెల్లెమ్మా," అన్నాడు.

"ఏం అన్నయ్యా, ఉప్పు చాల్లేదా?"

"ఉప్పు కాదమ్మా. చారులో ఏదో ఆకు ఉన్నాది."

"కరివేపాకేగా," అన్నాను నేను.

"నువ్వూరుకోరా. కరివేపాకు ఇందాకే వచ్చి ఎల్లిపోయింది. ఇది ఆఖర్న వస్తన్నాది. నిమ్మకాయ లాగున్నాది, నిమ్మ కాదు. పచ్చగా... చెట్టు దగ్గర నిలబడ్డట్టు." వాడు కళ్ళు మూసుకున్నాడు. "దబ్బ. దబ్బాకు."

గిన్నెలో వెతికాను. ఆకు లేదు. "నీకేదో భ్రమరా," అనబోయి భ్రమరాంబ వైపు చూశాను. ఆవిడ చేతిలో నేతిగిన్నె అలాగే ఉండిపోయింది.

"దించే ముందు ఒక్క ఆకు వేస్తాను, అన్నయ్యా. మా అమ్మ అలాగే వేసేది. వడ్డించేముందు తీసి పారేస్తాను."

"తీసెయ్యడం ఎందుకమ్మా?"

"ఈయన గబగబా తింటారు కదా. గొంతులో అడ్డం పడుతుందని." ఆవిడ నా వైపు చూడలేదు. "పెళ్ళైనప్పట్నుంచీ వేస్తున్నాను. ఒక్కరూ అడగలేదు."

దామోదరానికి అందింది నా ముక్కులోంచే. అంటే ఆకు ఇక్కడే ఉంది. ఇన్నేళ్ళూ రోజూ నా లోపలికి వచ్చి, పలికేవాళ్ళు లేక తిరిగి వెళ్ళిపోయింది. సరుకు నాది, గోదాము నాది. తలుపు తీసి చూసినవాడు వాడు.

"ఎక్కడుందిరా?" అని అడిగాను.

"నమిలే చోట లేదురా. మింగేసి ఆగు. నోరు మూసుకో. ఇప్పుడు ముక్కులోంచి ఊపిరి వదులు, సిన్నగా. బేగి వద్దు."

ముద్ద కలుపుకున్నాను. నమిలాను. మింగాను. నోరు మూసుకుని, చిన్నపిల్లవాడు దీపం ఆరిపోకుండా ఊదినంత మెల్లగా ఊపిరి వదిలాను.

ఎదురుగా దామోదరం మొహం విచ్చుకుంది.

"ఇదిగో," అన్నాడు. "వచ్చింది."

నాకింకా రాలేదు. భ్రమరాంబ దగ్గరగా వచ్చి నా కంచంలో ఇంకాస్త చారు పోసింది. ఇంకో ముద్ద కలుపుకున్నాను.